చింపాంజీలకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) వర్తించదా?

హైదరాబాద్ కోకాపేట భూముల వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటిన 2023 తర్వాత కూడా చింపాంజీలు దాదాపు ప్రతి సాయంత్రం కొత్త పడక కట్టుకుని, తెల్లవారగానే దానిని వదిలేసి వెళ్లిపోతున్నాయన్న సంగతి మన రియల్ ఎస్టేట్ పెద్దల దృష్టికి రాకపోవడం విచారకరం. ప్లాను మంజూరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఇరవై ఏళ్ల ఈఎంఐ అసలే లేదు. చెట్టెక్కి, నాలుగు కొమ్మలు వంచి, ఒకదానిలో ఒకటి అల్లి, పైన ఆకురెమ్మలు పరచి, కొద్ది నిమిషాల్లో గృహప్రవేశం ముగించే జాతి పట్ల ప్రభుత్వం ఇంత ఉదాసీనంగా ఉండడం తగదు.

స్థలం ఎంచుకోవడంలో వీటి పోకడ మరింత అభ్యంతరకరం. ఉగాండాలోని టోరో-సెమ్లికి అభయారణ్యంలో పరిశోధకులు 1,844 గూళ్లను పరిశీలించగా దాదాపు 74 శాతం సైనోమెట్రా అనే ఒకే జాతి చెట్టుపై కనిపించాయి. ఆ అడవి చెట్లలో ఆ జాతి వాటా పది శాతమైనా లేదు. కారణం విచారిస్తే, దాని కొమ్మ గట్టిది, ఆకులు దగ్గరదగ్గరగా ఉంటాయి, అంతే. ఔటర్ రింగు రోడ్డు ఎంత దూరం, అయిదేళ్లలో రేటు ఎంత పెరుగుతుంది, పక్క ఫ్లాటువారు ఏ కంపెనీలో పనిచేస్తున్నారు అన్న విచారణ ఏదీ లేకుండా, కేవలం నిద్ర పట్టడం కోసమే పడక చోటు చూసుకోవడం ఎంత అనాగరికమో కొండాపూర్‌లో పద్దెనిమిదో అంతస్తు కొని, రాత్రంతా పక్క టవరు పైలింగు చప్పుడు వింటున్న ఏ గృహస్థుడైనా చెప్పగలడు.

ఒరాంగుటాన్లు వాన పడితే గూటిపై ఆకుల కప్పు కూడా వేసుకుంటాయి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలో విల్లా కట్టి, వానాకాలం రాగానే సెల్లారు చెరువుకు అప్పగించే ఔదార్యం వాటికి ఎక్కడిది? హమద్రియాస్ బబూన్లు అనే కోతులు నిటారైన కొండచరియలపై నిద్రిస్తాయి. (మన బండలను ఎప్పుడో పేల్చి కంకర చేసుకున్నాం కనుక ఆ వలసకు ఇక్కడ అవకాశం లేదు.)

శుభ్రత విషయంలోనైనా మనది పైచేయి అనుకుంటే, 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఆ పరువూ తీసింది. మనిషి పరుపుపై ఉండే బ్యాక్టీరియాలో దాదాపు 35 శాతం అతని ఒంటి నుంచి వచ్చినవేనట. టాంజానియాలోని ఇస్సా లోయ చింపాంజీల గూళ్లలో అలాంటివి 3.5 శాతమే. రోజూ పక్క మార్చే జీవికి పక్క దులిపే పని ఉండదు. మనం మాత్రం వాస్తు ప్రకారం తల దక్షిణానికి పెట్టి, అదే పరుపును పదేళ్లు కాపాడుకుంటాం. పైగా ప్రైమేట్లలో (కోతులు, వానరాలు, మనిషి ఉన్న వర్గంలో) అతి తక్కువ నిద్రపోయే జాతుల్లో మనమొకరం. దక్షిణ అమెరికా రాత్రి కోతులు రోజుకు పదిహేడు గంటల వరకూ నిద్రపోతాయి. వాటికి క్లయింటు కాల్స్ లేవు.

చింపాంజీ పిల్ల సుమారు అయిదేళ్లకే తల్లి గూడు వదిలి సొంత గూడు కట్టుకుంటుంది. డౌన్ పేమెంటుకు తండ్రి ప్రావిడెంటు ఫండు అడగని ఈ సంతానాన్ని ఆదర్శంగా చూపితే నగరంలో గృహరుణాల గతి ఏమి కావాలి?

కనుక ప్రతి గూటికీ చదరపు అడుగుకు నాలుగు రూపాయల చొప్పున నెలవారీ మెయింటెనెన్సు తక్షణమే విధించాలని కోరుతున్నాను. మూడు నెలలు బకాయి పడితే ఆ చెట్టుకు లిఫ్టు, మంజీరా నీళ్లు ఆపివేయవచ్చు.