మందు ఎంత అని అడగడానికి అమెరికాకు 60 ఏళ్లు

1959 డిసెంబరులో అమెరికా సెనేట్ ఉపసంఘం ఒకటి మందుల కంపెనీల పెద్దలను పిలిపించి సూటిగా అడిగింది: ఈ మాత్ర తయారీకి మీకు ఎంతవుతోంది, ఎంతకు అమ్ముతున్నారు? అడిగినాయన టెనెసీ సెనేటర్ ఎస్టెస్ కెఫావర్. కీళ్లవాతానికి వాడే ప్రెడ్నిసొలోన్ లెక్క తీస్తే మాత్రకు పడే ఖర్చు ఒకటిన్నర సెంటు చిల్లర, మందుల షాపుకు ఇచ్చే ధర దాదాపు 18 సెంట్లు అని తేలింది. మూడేళ్లు తిరక్కుండా కెఫావర్ పేరుతో చట్టం వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతా మందుల అనుమతికి ఒరవడిగా చూసే చట్టమది. అందులో ధర గురించి మాత్రం ఏమీ లేదు. పెళ్లికొడుకును గుమ్మం బయటే నిలబెట్టి పెళ్లి జరిపించేశారు.

అమెరికా మందుల చట్టాల కథను మామూలుగా ఒక ముక్కలో చెప్పేస్తుంటారు: జనం చచ్చారు, చట్టం వచ్చింది. అది సగం నిజమే. ఘోరం జరిగేనాటికే బిల్లు ఏదో ఒక కమిటీ గదిలో మూలుగుతూ ఉంటుంది. పత్రికల్లో గగ్గోలు పుట్టాక దాన్ని దుమ్ము దులిపి బయటికి తీస్తారు. ఆ బిల్లులో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్న బేరం అప్పుడు మొదలవుతుంది.

1906 నాటి తొలి ఫెడరల్ చట్టం లేబుల్ దగ్గరే ఆగిపోయింది. సీసాలో నల్లమందు ఉంటే ఉందని రాయాలి, అంతే. క్యాన్సర్ నయం చేస్తానని బొంకే మందు మీద కేసు పెడితే, చట్టం సరుకులో ఏముందో తప్పు చెప్పడాన్ని ఆపుతుంది గానీ రోగం తగ్గుతుందన్న గొప్పలను కాదని 1911లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది కాంగ్రెస్ సవరణ చేసింది. అయితే అమ్మేవాడికి మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువు చేయాలని మెలిక పెట్టింది. నిజంగా నమ్మే అమ్మానని వాడంటే ప్రభుత్వం చేసేదేముంది?

1937 సంగతి కాస్త వివరంగా చూడాలి. సల్ఫనిలమైడ్ అప్పట్లో గొంతునొప్పి నుంచి సుఖవ్యాధుల దాకా వాడే కొత్త మందు. పిల్లలు మాత్ర మింగలేరు కాబట్టి సిరప్ కావాలి. టెనెసీలోని మాసెంగిల్ కంపెనీ కెమిస్టు దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించాడు. రాస్ప్‌బెర్రీ రుచి కలిపారు. రంగు, వాసన, రుచి పరీక్షించారు. విషమా కాదా అన్నది చూడలేదు, చూడమని ఏ చట్టమూ అడగలేదు. తయారైంది 240 గ్యాలన్లు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ఊరూరూ తిరిగి 234 గ్యాలన్ల పైన వెనక్కి లాగారు. మిగిలిన ఆరు గ్యాలన్లే వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. చనిపోయిన వాళ్లలో దాదాపు మూడోవంతు పిల్లలు. ఇంత జరిగినా కంపెనీ మీద మోపగలిగిన నేరం ఒకటే: సీసా మీద ‘ఎలిక్సిర్’ అని రాశారు, ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. ‘సొల్యూషన్’ అని రాసి ఉంటే ఆ కేసు కూడా నిలిచేది కాదు. జరిమానా 26 వేల డాలర్ల పైచిలుకు.

1933 నుంచి కాంగ్రెస్‌లో నానుతున్న బిల్లు 1938 జూన్‌లో చట్టమైంది. మందు అమ్మే ముందు సురక్షితమని చూపించాలన్న నియమం అప్పుడు పుట్టింది. (అదే డైఇథిలీన్ గ్లైకాల్ 2025లో మన దేశంలో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్‌లో తేలింది. మనకు 1940 నుంచి చట్టం ఉంది. లేనిది చట్టం కాదు.) 1951లో డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సినవి, చీటీ లేకుండా అమ్మదగినవి అని మందులను విడదీశారు. ఆ సవరణ తెచ్చిన డర్హమ్, హంఫ్రీ ఇద్దరూ ఫార్మసిస్టులే.

మళ్లీ కెఫావర్ దగ్గరికి వద్దాం. పేటెంటు వచ్చిన మూడేళ్లకు పోటీ కంపెనీకి లైసెన్సు ఇచ్చి తీరాలి, బదులుగా రాయల్టీ తీసుకోవచ్చు అన్నది ఆయన బిల్లుకు గుండెకాయ. 1962 వేసవికి తోటి సెనేటర్లే దాన్ని కోసేశారు. సరిగ్గా అప్పుడే జులైలో, గర్భిణులు వాడితే పిల్లలు అవయవలోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు వార్త బయటపడింది. ఎఫ్‌డీఏలో కొత్తగా చేరిన ఫ్రాన్సెస్ కెల్సీ ఆ మందుకు అనుమతి ఇవ్వకుండా ఆపారని దేశానికి తెలిసింది. 1938 చట్టం ప్రకారం 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే. ఆమె ప్రతిసారీ ఇంకో వివరం కావాలని రాసి గడువును మళ్లీ మొదటికి తెచ్చేవారు. 1937 నాటి విషపు సిరప్‌ను పరీక్షించిన షికాగో ల్యాబులో విద్యార్థినిగా పనిచేసిన మనిషి ఆమె.

దీంతో మూలపడ్డ బిల్లుకు ప్రాణం వచ్చింది. థాలిడోమైడ్ సమస్య భద్రతకు సంబంధించింది. చట్టంలోకి వచ్చిన పెద్ద నియమం మాత్రం మందు పనిచేస్తుందని ప్రయోగాలతో రుజువు చేయాలన్నది. ట్రయల్‌లో రోగి సమ్మతి తీసుకోవాలన్నది కూడా చేరింది. ధరల నిబంధనలు తిరిగి రాలేదు. కెఫావర్ మొదటి ప్రశ్న తాలూకు ఆనవాలు ఒక చిన్న నియమంలో మిగిలింది: లేబుల్ మీద మందు అసలు (జెనరిక్) పేరు అక్షరాలు బ్రాండ్ పేరు అక్షరాల్లో కనీసం సగం సైజులో ఉండాలి.

పైగా ఈ చట్టమే ధరల పోటీకి అడ్డమైంది. పేటెంటు తీరిన మందును ఇంకొకరు తయారు చేయాలన్నా ప్రయోగాలన్నీ మళ్లీ చేయాల్సి వచ్చేది. ఆ చిక్కు విప్పింది 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం. అసలు మందు రక్తంలోకి ఎంత, ఎంత వేగంగా చేరుతుందో నీదీ అంతే చేరుతుందని చూపిస్తే చాలు. పేటెంటును సవాలు చేసి ముందుగా దరఖాస్తు పెట్టినవాళ్లకు, వేరే జెనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే 180 రోజుల ప్రత్యేక అవకాశం. హైదరాబాద్ ఫార్మా ఎదుగుదలకు ఇది పెద్ద మెట్టు. 2001లో డాక్టర్ రెడ్డీస్ డిప్రెషన్ మందు ఫ్లూఆక్సిటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు ఆ అవకాశం దక్కించుకుంది. జీడిమెట్ల, బాచుపల్లిల్లో ‘ఫోర్ ఎయిటీ త్రీ’ అంటే చాలు, తనిఖీ ముగించి ఎఫ్‌డీఏ వాళ్లు చేతిలో పెట్టే లోపాల జాబితా అని అందరికీ అర్థమవుతుంది. 1984లో అమెరికా ప్రిస్క్రిప్షన్లలో జెనరిక్‌ల వాటా 19 శాతం, ఇప్పుడు 90 శాతం దాకా ఉంది.

అయినా ఖర్చులో సింహభాగం ఆ మిగిలిన పది శాతానిదే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన నెలల తరబడి సరిపడే బీపీ, షుగర్ మాత్రలు ఉండటం మనకు కొత్త కాదు. 2003లో వృద్ధులకు మందుల బీమా ఇచ్చిన చట్టం, కంపెనీలతో బేరమాడొద్దని ప్రభుత్వానికే ఆంక్ష పెట్టింది. అంత పెద్ద కొనుగోలుదారు నోరు కట్టేసుకోవడం నాకు ఇప్పటికీ వింతే. 2022 ఆగస్టులో బైడెన్ సంతకంతో అది కొంత సడలింది. తొలి పది మందులకు బేరమాడిన ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మామూలు మాత్రలకైతే అనుమతి వచ్చి కనీసం తొమ్మిదేళ్లు, జీవకణాలతో తయారుచేసే బయోలాజిక్‌లకు 13 ఏళ్లు దాటాకే కొత్త ధర. అదీ వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌కే.

ఇక్కడో తిరకాసు ఉంది. ప్రభుత్వమే బ్రాండ్ ధర తగ్గించేస్తే, పేటెంటు మీద కోర్టుకెక్కి 180 రోజులు గెలుచుకున్న జెనరిక్ కంపెనీకి మిగిలేది తగ్గుతుంది. ఖర్చు పెట్టి పోరాడేవాళ్లు తగ్గితే పోటీ ఆలస్యమవుతుందని ఆ కంపెనీల వాదన. కాదని కొట్టిపారేయలేం. 1984 దారిని, 2022 దారిని ఒకదానికొకటి అడ్డు రాకుండా కలిపే సవరణ ఏదో కాంగ్రెస్ చేయాలి. అప్పటిదాకా హైదరాబాద్ కంపెనీలు ఏ మాలిక్యూల్‌ను సవాలు చేయాలో లెక్క వేసేటప్పుడు, పేటెంటు గడువుతో పాటు మెడికేర్ బేరాల జాబితానూ పక్కన పెట్టుకోక తప్పదు.