నడిచే హీరోలను రద్దు చేయాలి

మన తెర మీద హీరోలు అనవసరంగా నడుస్తున్నారు. స్లో మోషన్‌లో, దుమ్ము లేపుకుంటూ, ఒకటే నడక. ఈ దుబారాను అరికట్టాలని మనవి చేసుకుంటూ, సాక్ష్యంగా 1965లో బ్రిటన్ టీవీలో మొదలైన ‘థండర్‌బర్డ్స్’ అనే బొమ్మల సీరియల్‌ను సభ ముందుంచుతున్నాను.

లండన్‌కు పడమరగా ఉన్న స్లౌ పారిశ్రామికవాడలో గెర్రీ, సిల్వియా ఆండర్సన్ దంపతుల బృందం తీసిన సీరియల్ అది. 1963లో పశ్చిమ జర్మనీలోని లెంగెడే గని నీట మునిగింది. రెండు వారాల తర్వాత 11 మందిని ప్రాణాలతో పైకి తీశారు. ఇలాంటి ఆపదలకు యంత్రాలన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకున్న ఓ కుటుంబం ఉంటే ఎలా ఉంటుందని గెర్రీకి తోచింది. మహత్తరమైన ఆలోచనే. చిక్కల్లా, ఆ కుటుంబంలో ఎవరికీ నడక రాదు.

తీగలకు వేలాడే 22 అంగుళాల బొమ్మలాయె. అడుగు నేలకు ఆనకముందే ఒళ్ళు ఊగిపోతుంది. ప్రపంచాన్ని కాపాడేవాడు తిరునాళ్ళలో తప్పతాగినవాడిలా వస్తే ఏం బాగుంటుంది? ఇంకొకరైతే బొమ్మకు నడక నేర్పబోయి ఆయుష్షు వృథా చేసుకునేవారు. వీళ్ళు భవిష్యత్తులోంచి నడకనే వీలైనంత తీసేశారు. ఆ కుటుంబంలోని వర్జిల్ గోడకున్న రాకెట్ పటానికి వీపు ఆనించి నిలబడతాడు. పటం కాస్తా తిరగబడుతుంది. మనిషి తలకిందులుగా జారుడుబల్ల మీద పోయి పోయి తన విమానంలో తేలతాడు. అతని తమ్ముడు అలన్ అయితే లేవను కూడా లేవడు. కూర్చున్న సోఫాయే నేలలోకి దిగిపోతుంది. మనింట్లో కుర్రాడు సోఫా దిగకుండానే డ్యూటీకి పోతానంటే ఏమంటాం? అక్కడ దాన్ని టెక్నాలజీ అన్నారు.

పైగా ఈ బయల్దేరే తతంగం ఒకసారి తీసి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. అది అక్కరకొచ్చింది కూడా. పాతిక నిమిషాల లెక్కన మొదలుపెడితే, తొలి ఎపిసోడ్ చూసి ముచ్చటపడ్డ లూ గ్రేడ్, డబ్బు పెట్టే పెద్దమనిషి, గంట స్లాట్‌కు పెంచమన్నాడు. అప్పటికే తీసేసిన వాటికి అతుకులేసి సాగదీశారు. మన డైలీ సీరియల్ రచయితలు ఆయన ఫొటోకు దండ వేసుకోవచ్చు.

ఇక తల. ఒంటికి మించిన ఆ తలకాయ చూసి మెదడెక్కువనుకునేరు. లోపలున్నది సొలెనాయిడ్, పెదవి కదిపే కరెంటు పరికరం. నటులు మాటలన్నీ ముందే టేపులో చెప్పేసేవారు. ఆ శబ్దాన్ని బట్టి కరెంటు తీగల్లోంచి తలలోకి దిగితే కింది పెదవి టపటపా ఆడేది. ఎవరో అన్న మాటకు పెదవి ఆడించడానికి అంత తల! దీన్ని టీవీ చర్చలకొచ్చే అధికార ప్రతినిధులకు అన్వయించవద్దని మనవి. వాళ్ళకు రెండు పెదవులూ కదులుతాయి.

మన తోలుబొమ్మలాటలో పుల్ల కనబడితే ఎవరూ నొచ్చుకోరు. వీళ్ళకు మాత్రం తీగ కనబడితే పరువు పోయినట్టే. వెనక ఏ రంగుంటే తీగకు ఆ రంగు పూయాలి. బొమ్మ పక్కకు జరిగిందా, మళ్ళీ మొదటికి. మీట నొక్కే క్లోజప్‌లో అసలు మనిషి చెయ్యే వచ్చేది, కణుపులు గోళ్ళతో సహా. మరుక్షణం మళ్ళీ బొమ్మ చెయ్యి. వాళ్ళ రాకెట్ విమానం థండర్‌బర్డ్ 1ను ఉంచే హ్యాంగర్ గోడకు బిగించిన అత్యాధునిక పరికరాల్లో ఒకటి నిమ్మకాయలు పిండుకునేది.

స్లో మోషన్ వాళ్ళకూ ఉంది. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసుకున్న డెరెక్ మెడింగ్స్ బృందం బల్ల మీది పేలుడును కెమెరా వేగం పెంచి తీసేది. మామూలు వేగంతో వేస్తే గుప్పెడు మంట కొండంతయ్యేది. స్లో మోషన్‌కు అసలు ఉద్యోగం అది.

అమెరికా నెట్‌వర్కులు కొనకపోవడంతో 32 ఎపిసోడ్లకే ఆట కట్టింది. యాభయ్యేళ్ళకు, 2015లో, అభిమానులు చందాలేసుకుని అదే స్లౌలో మరో మూడు తీయించారు. చేతిలో కంప్యూటర్లుండి కూడా మళ్ళీ తీగలే కట్టారు. అరవైల నాటి రికార్డుల్లోని గొంతులకే కొత్త బొమ్మల పెదవులు ఆడాయి.

నా మనవి ఇంకా ఎవరి దృష్టికీ వెళ్ళినట్టు లేదు. ఇది రాస్తుండగా టీవీలో మన హీరోగారు కారు దిగి విలన్ వైపు నడవడం మొదలెట్టారు. ఇంకా సగం దూరం కూడా రాలేదు.