మహారాజశ్రీ డీలర్ బటన్ గారికి

మహారాజశ్రీ డీలర్ బటన్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. పోయిన శుక్రవారం మా పోకర్ ఆటలో, పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ల అయిన తమరు సోఫా కిందికి దొర్లిపోయిన సంగతి మేము గమనించే సరికి అర్ధరాత్రి దాటింది. అంతవరకూ సోడా సీసా మూతే డీలర్ బటన్‌గా పనిచేసింది. ఆటలో తేడా ఏమీ రాలేదు. తమరి ప్రతిష్ఠకు అది ఎంత అవమానమో చెప్పాలనే ఈ లేఖ.

తమరి నుదుట పెద్ద అక్షరాలతో ‘డీలర్’ అని ఉంటుంది గానీ తమరు ఒక్క ముక్క కూడా పంచరు. కాసినోలో అది చెల్లుతుంది. పంచడానికి అక్కడ జీతగాడు వేరే ఉంటాడు. తమరు ఆటగాళ్ల ముందు ఒక్కో స్థానం జరుగుతూ, బ్లైండు (ముక్కలు చూడకముందే కట్టే పందెం) ఎవరు కట్టాలో, ఆఖరి ముక్క ఎవరికో చెబితే చాలు. ఇర్వింగ్‌లో మా ఇంటి ఆటకు జీతగాడు ఎక్కడి నుంచి వస్తాడు? టెక్సాస్ చట్టం ఇంట్లో ఆడుకోనిస్తుంది. కానీ ఇల్లిచ్చినవాడు ఆ జీతం కోసమని ప్రతి ఆట నుంచీ వాటా తీస్తే ఆ రక్షణ పోతుంది. అందుకని తమరు ఎవరి ముందు వాలితే వారే పంచాలి. సర్వర్లు నడిపేవాళ్లం, బ్యాంకుల లెక్కలు సరిచూసేవాళ్లం ఎనిమిది మందిమి కూర్చుంటే, పంచడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. మేమాడే ఈ టెక్సాస్ హోల్డెమ్ రకం పోకర్‌కు పుట్టిల్లు రాబ్స్‌టౌన్ అనే ఊరని 2007లో ఇదే రాష్ట్ర శాసనసభ గుర్తించింది. ఆ సభ్యులెవరూ మా ఇంటికి రాకపోవడం మంచిదే అయింది.

ముందు కలపడం సంగతి. మాదంతా రమ్మీ వంశం. ఎడమచేతిలో పేక పట్టుకుని, కుడిచేత్తో గుప్పెడు గుప్పెడు జార్చడమే మాకు వచ్చిన విద్య. పేకను రెండు సగాలు చేసి, అంచులు ఒకదానిలో ఒకటి దూరేలా కలిపితే ఏడుసార్లకు బాగా కలుస్తుందని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ అనే గణితజ్ఞులు లెక్కగట్టారు. మా పద్ధతిలో జారిస్తే అదే ఫలితానికి వేలసార్లు కావాలి. మా బావగారు మూడుసార్లు జార్చి, “కలిసిపోయాయి” అంటారు. కిందటి ఆటలో బల్ల మీద విడిపోని ఇస్పేటు రాజు, రాణి ఈ ఆటలోనూ చెట్టపట్టాలు వేసుకుని వస్తారు. 1968 నాటి లా రిపోర్టుల్లోకెక్కిన సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటే అంది. కలిపిన పేకలో ముక్కలు ఒక పద్ధతి ప్రకారం ఉండవు కాబట్టి అదృష్టానికీ కొంత చోటుందని కూడా అంది. న్యాయమూర్తులకు బావగారి చేతివాటంతో పరిచయం లేదు.

కాసినోలో పేక కలిపే వరుస నేను మావాళ్లకు నేర్పబోయాను. ముక్కలన్నీ బల్ల మీద బోర్లా పరిచి రెండు అరచేతులతో తిప్పాలి. రెండుసార్లు అంచులు దూర్చి కలపాలి, చిన్నచిన్న కట్టలుగా తీసి పేర్చాలి, మళ్లీ ఒకసారి అంచులు దూర్చాలి, కట్ చేసి అడుగు ముక్క కనబడకుండా కింద ప్లాస్టిక్ కార్డు పెట్టాలి. “ఇదంతా అయ్యేసరికి బిర్యానీ చల్లారుతుంది” అన్నారు. అది నిజమే కాబట్టి వాదించలేకపోయాను.

పంచడం ఇంకా ఘనం. ముక్క బల్లను ఆనుకుని జారాలి. మావాళ్లు పెళ్లిలో అక్షతలు వేసినట్టు పైనుంచి విసురుతారు, ప్రతి ముక్కా తన ముఖం చూపించి మరీ దిగుతుంది. పంపకంలో మొట్టమొదట వేసే రెండు ముక్కల్లో ఏదైనా పంచేవాడి పొరపాటున తిరగబడితే మళ్లీ మొదటి నుంచి పంచాలి. ఆ తరువాత తిరగబడితే ఆ ముక్కను పక్కన పెట్టి, పంపకం ముగిశాక వేరే ముక్క ఇవ్వాలి. తిరగబడిన దాన్ని బర్న్ ముక్కగా, అంటే ఆటలో చేర్చకుండా పక్కన పెట్టే ముక్కగా వాడుకోవచ్చు. నియమం ఇంత తేలికే. కానీ చేతిలో ఆసుల జత ఉన్నవాడు “పోనివ్వండి, స్నేహితులమే కదా” అంటాడు. చెత్త ముక్కలు, ఏడూ రెండూ వచ్చినవాడికి హఠాత్తుగా ధర్మశాస్త్రం గుర్తొస్తుంది.

బర్న్ దగ్గర మా పొదుపు బుద్ధి బయటపడుతుంది. బల్ల మీద ముక్కలు తెరిచే ముందు ప్రతిసారీ పై ముక్కను పక్కన పెట్టడం దేనికంటే, దాని వీపు మీద ఎవరైనా గుర్తు పెట్టినా, ఎవరికంటనైనా పడినా ఆ సమాచారం పనికిరాకుండా పోవడానికి. “మంచి ముక్కను పారేస్తామా?” అని ఒకరు అడుగుతారు. మరొకరు దాన్ని ఎత్తి చూసి, “అయ్యో, నాకు రావలసిన కళావరు!” అని గుండెలు బాదుకుంటారు. చూడకుండా ఉండటానికే కదా నాయనా అది!

చిప్సును, అంటే పందెం బిళ్లలను, బల్ల మధ్య పందెం కుప్పలోకి విసిరేయడం గురించి రాయను, మనసు బాగుండదు. ఇద్దరు సమానంగా గెలిచి ఒక్క చిప్పు మిగిలితే, తమరి ఎడమ నుంచి లెక్కపెట్టి ముందు వచ్చేవాడికి అది ఇవ్వాలి. ఆ సమయంలో తమరు ఎక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు.

చివరిగా ఒక శుభవార్త. బావగారి అమ్మగారు భీమవరం నుంచి వచ్చారు. ఆవిడకు పోకర్ తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. నిన్న రాత్రి పక్కన కూర్చుని కాసేపు చూసి, కొడుకు చేతిలో పేక లాక్కుని, కలిపి, పక్కవాడి చేత కట్ చేయించి, ఒక్క ముక్క కూడా తిరగబడకుండా ఎనిమిది మందికీ పంచారు. వచ్చే శుక్రవారం నుంచి తమరు ఎవరి ముందు కూర్చున్నా పంచేది ఆవిడే. ఆవిడకు ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు ఆరు నెలలు. పొడిగింపుకు దరఖాస్తు పెట్టమని బావగారితో చెప్పాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
మూడో కుర్చీ