గ్రంథాలయ సిబ్బందికి సాంకేతిక శిక్షణ దండగ అనడం సరికాదు

"గ్రంథాలయ ఉద్యోగులకు కొత్త సాంకేతికతలో శిక్షణ ఇవ్వడం ప్రజల సొమ్ము తగలేయడమే" అంటూ ఒక సందేశం కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అందులో నాలుగు వాదనలున్నాయి. సమాచారమంతా ఫోన్లోనే దొరుకుతోంది కనుక లైబ్రేరియన్ కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదన్నది మొదటిది. కంప్యూటర్ పనికి అవుట్‌సోర్సింగ్‌లో ఒక ఆపరేటర్ చాలన్నది రెండోది. యాభై దాటినవారికి ఇవి ఒంటబట్టవన్నది మూడోది. ఈ ఏడు నేర్పిన సాఫ్ట్‌వేర్ పైయేటికి పాతబడుతుందన్నది నాలుగోది. గ్రంథాలయంలో పనిచేస్తున్నవాడిగా వీటికి వరుసగా సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా ఫోన్ సంగతి. 2025 మేలో చికాగో సన్-టైమ్స్ పత్రికతో పాటు వచ్చిన ఒక అనుబంధంలో వేసవిలో చదవదగిన 15 పుస్తకాల జాబితా అచ్చయింది. వాటిలో 10 పుస్తకాలను ఎవరూ రాయలేదు. పేరున్న రచయితలకు కృత్రిమ మేధ అంటగట్టిన శీర్షికలవి, కథాసారాంశాలతో సహా. అలాంటి జాబితా పట్టుకుని పాఠకుడు కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడు "ఆ పుస్తకం మా దగ్గర లేదు" అని చెప్పడం వేరు, "అసలు ఆ పుస్తకమే లేదు" అని నిర్ధారించి చెప్పడం వేరు. రెండో మాట చెప్పాలంటే ప్రచురణకర్తల జాబితానూ, ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగైన వరల్డ్‌క్యాట్‌నూ, కోల్‌కతా జాతీయ గ్రంథాలయ కేటలాగునూ వెతకడం తెలిసి ఉండాలి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌లోని 13 అంకెల్లో చివరిది మిగిలిన పన్నెండింటినీ సరిచూసుకోవడానికి పెట్టిందని, లెక్క కుదరకపోతే ఆ సంఖ్యను అనుమానించాలని తెలిసి ఉండాలి. కృత్రిమ మేధ ఎక్కడ తడబడుతుందో, ఎందుకు అంత నమ్మకంగా తడబడుతుందో కూడా తెలియాలి. ఫోన్లో దొరికే సమాచారం పెరిగేకొద్దీ దాన్ని సరిచూసి చెప్పగలిగే మనిషి అవసరం ఎక్కువవుతోందే గానీ తగ్గడం లేదు.

ఆపరేటర్ వాదన పైకి సబబుగానే కనిపిస్తుంది కనుక దానికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి. మా గ్రంథాలయానికి ఒకసారి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి శ్రీశ్రీ పుస్తకాలు కావాలని అడిగింది. కంప్యూటర్లో వెతికితే రెండే కనిపించాయి. బీరువా దగ్గరికి వెళ్లి చూస్తే తొమ్మిది ఉన్నాయి. ఆరా తీయగా, కొన్ని "శ్రీరంగం శ్రీనివాసరావు" అని, కొన్ని "శ్రీనివాసరావు, శ్రీరంగం" అని ఎక్కాయని తేలింది. మరికొన్నింటి వివరాలను, ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో గాక పాత అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంపై అవి తెలుగులాగే కనిపిస్తాయి గానీ, లోపల దాగి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే. అందువల్ల యూనికోడ్ తెలుగులో వెతికితే అవి ఎన్నటికీ దొరకవు. టైపు చేసిన అబ్బాయి తప్పేమీ లేదు. అట్ట మీద, లోపలి పేజీలో ఏముంటే అదే కొట్టాడు. ఈ పేర్లన్నీ ఒకే రచయితవని గుర్తించి ఒక ప్రామాణిక నామం కిందికి తేవడం సూచీకరణ (కేటలాగింగ్) తెలిసినవారు చేయవలసిన పని. దాన్ని సాఫ్ట్‌వేర్లో ఎక్కడ, ఎలా చేయాలో నేర్పేదే శిక్షణ. పాఠకుడి సమయం ఆదా చేయాలని భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ 1931లో చెప్పిన నాలుగో సూత్రం నేడు ఆ తెర మీదే నెగ్గాలి లేదా ఓడాలి.

పైగా సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, వాళ్లు ఏ పుస్తకాలు చదివారన్న వివరాలు మన చేతుల్లో ఉంటాయి. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీపై జరిగిన సైబర్ దాడిలో దాదాపు 600 గిగాబైట్ల సమాచారం బయటికి పోయింది. ప్రధాన కేటలాగు మళ్లీ పాఠకులకు అందేసరికి 2024 జనవరి వచ్చింది. బయటి భాగస్వాములూ సాంకేతిక సిబ్బందీ దూరం నుంచి ప్రవేశించేందుకు పెట్టిన సర్వర్ ద్వారా దొంగలు చొరబడి ఉండవచ్చని, దానికి పాస్‌వర్డుతో పాటు మరో రుజువు అడిగే అదనపు అంచె ధ్రువీకరణ లేదని ఆ సంస్థే తన నివేదికలో నిజాయితీగా చెప్పుకుంది. అంతటి సంస్థకే ఆ గతి పట్టినప్పుడు, పాస్‌వర్డును కాగితంపై రాసి మానిటర్‌కు అతికించే చోట ఆ సంగతులేవీ తెలియకుండా తాళాలు మరొకరికి అప్పగించి కూర్చోవడం క్షేమం కాదు.

వయసు మాట నాకు బాధ కలిగించింది. పైన చెప్పిన తొమ్మిది పుస్తకాలనూ ఒకే పేరు కిందికి తెచ్చింది పదవీ విరమణకు రెండేళ్ల దూరంలో ఉన్న మా సహోద్యోగి. అమెరికాలోని షార్లెట్ మెక్లెన్‌బర్గ్ కౌంటీ గ్రంథాలయంలో 2006లో హెలెన్ బ్లోవర్స్ రూపొందించిన "23 అంశాలు" కార్యక్రమాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. బ్లాగు, వికీ, పాడ్‌కాస్ట్ వంటి అప్పటి కొత్త విషయాలను 23 చిన్న అభ్యాసాలుగా విడగొట్టి, వయసుతో హోదాతో నిమిత్తం లేకుండా సిబ్బంది అందరి ముందూ పెట్టారు. ఎవరి వీలును బట్టి వారు సొంతంగా చేసుకుంటూ పోయారు. పూర్తిచేసినవారికి ఎంపీ3 ప్లేయర్ బహుమతిగా ఇచ్చారు. తర్వాత ఎన్నో దేశాల గ్రంథాలయాలు ఆ పద్ధతిని అనుసరించాయి. మన దగ్గర శిక్షణ అంటే చాలాసార్లు జిల్లా కేంద్రంలో ఒక్కరోజు ప్రసంగాలు, సాయంత్రానికి ఒక సర్టిఫికెట్. మర్నాడు ఆ ఉద్యోగి తిరిగి వెళ్లేది తానొక్కడే ఉన్న శాఖా గ్రంథాలయానికి, అక్కడ సాధన చేయడానికి కంప్యూటరే ఉండకపోవచ్చు. అలాంటి శిక్షణ వృథా అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడ మార్చవలసింది శిక్షణ తీరును.

ఇక సాఫ్ట్‌వేర్ పాతబడడం గురించి. గ్రంథ వివరాలను యంత్రానికి అర్థమయ్యేలా రాసే మార్క్ పద్ధతిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960లలో రూపొందించింది. రచయిత పేరు 100 నంబరు గడిలో, శీర్షిక 245 నంబరు గడిలో రాయాలన్న నియమం నేటికీ నడుస్తోంది. అది అర్థమైనవారు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి మారినా బెదిరిపోరు. 2000లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం పుట్టిన గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా ఇప్పటికీ వాడుకలో ఉంది, దానికి లైసెన్సు రుసుమే లేదు. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఈ-గ్రంథాలయ ఉండనే ఉంది. ఖర్చయ్యేది ప్రధానంగా మనుషుల సమయమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. అందులోంచి వారానికి రెండు గంటలు, సొంత గ్రంథాలయంలోనే, సొంత కేటలాగు మీదనే సిబ్బంది సాధన చేసుకునే ఏర్పాటు చేయమని అడుగుతున్నాం.