శబ్దానికి రబ్బరు ముద్ర ఎక్కడ వేయాలి?

మా ప్రాథమిక పాఠశాలలో గ్రంథాలయ బాధ్యత పదకొండేళ్లుగా నాది. గ్రంథాలయం అంటే మరేమీ కాదు, బియ్యం బస్తాల పక్కనున్న ఆకుపచ్చ ఇనుప బీరువా. అందులో 412 పుస్తకాలున్నాయి. ఈ పదకొండేళ్లలో ఒక్కటి పోలేదు, ఒక్క పేజీ మడతపడలేదు, ఒక్క అట్ట నలగలేదు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక బడి గ్రంథాలయానికి ఏటా 5,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. అది పుస్తకాలై వచ్చినప్పుడల్లా ముద్ర కొట్టి, నంబరు వేసి, రెండు కలరా ఉండలు తోడిచ్చి లోపల పడుకోబెడతాను. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ “పుస్తకాలు కొత్తవాటిలా ఉన్నాయే!” అని మెచ్చుకుని వెళ్లారు. కొత్తవే కదా మరి.

ఇంతటి ప్రశాంతతలోకి ఈ జూలైలో ఒక స్పీకరు వచ్చింది. ఊరి పూర్వ విద్యార్థి ఒకాయన పుణ్యం. చూడటానికి కొబ్బరికాయంత ఉంటుంది. దాని వెనక గుచ్చిన పెన్‌డ్రైవులో నలభై కథలు. ఆడియో పుస్తకాలట.

వాటిని గ్రంథాలయంలో చేర్చుకోమన్నారు. ఎలా చేర్చుకోవాలి? స్టాకు రిజిస్టరులో పుటల సంఖ్యకు ఒక గడి ఉంది, వెలకు ఒకటి, అట్ట స్థితికి ఒకటి. ధ్వనికి పుటలెన్ని? పుస్తకానికైతే మొదటి పేజీలో ఒక ముద్ర, దొంగలకు తెలియకుండా పదిహేడో పేజీలో మరో ముద్ర వేస్తాను. గొంతుకు పదిహేడో పేజీ ఎక్కడుంటుంది? పుస్తకం పోతే దాని వెల నా జీతంలో కోస్తారన్న భయం ఉంది. బీరువాకు ఆ భయమే అసలు తాళం. మరి విన్న కథ పిల్లవాడి బుర్రలోకి పోయి అక్కడే ఉండిపోతే ఎవరి జీతంలో కోయాలి?

రంగనాథన్ గారని మద్రాసులో ఒక గ్రంథాలయ పండితుడుండేవారు. 1931లో ఆయన అయిదు సూత్రాలు రాశారు. మొదటిదే “పుస్తకాలు ఉపయోగం కోసమే” అని. మహానుభావుడే, కాదనను. కానీ ఆయనకు మా రిజిస్టరు ఎవరూ చూపించి ఉండరు. మనవాళ్లు ఇంకా ఘనులు. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. నీళ్ల మీద పుస్తకాలు! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా స్టాఫులో ఒక పెద్దాయన అభ్యంతరం శాస్త్రీయమైనది. వింటే చదివినట్టు కాదు, చదువంటే కళ్లతో చేయవలసిన పని అంటారాయన. నేను గట్టిగా బలపరిచాను. అయితే ఆయన సాయంత్రం భాగవత సప్తాహానికి బయలుదేరుతుంటే చిన్న సందేహం వచ్చింది. శుకమహర్షి చెబుతుంటే ఏడు రోజులు కూర్చుని విన్న పరీక్షిత్తును ఏ తరగతిలో వేయాలి? పేరులోనే పరీక్ష ఉన్నా ఆయన పుస్తకం తెరిచిన దాఖలా లేదు. ఇక అభిమన్యుడి సంగతి సరేసరి. తల్లి కడుపులో వింటున్న పాఠం సగంలో ఆగిపోయింది, పద్మవ్యూహంలోకి వెళ్లే దారే తెలిసింది. చార్జింగు అయిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వద్దు. దీన్ని నా నివేదికలో చేర్చాను.

ఈ తంటా అంతా ఎడిసన్‌తో మొదలైంది. 1877లో గొంతును పట్టి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫు చేసి ఊరుకోక, మరుసటి ఏడాదే దాని ఉపయోగాల జాబితా రాస్తూ చూపులేనివారికి మాట్లాడే పుస్తకాలు అని ఒకటి చేర్చాడు. 1930లలో అమెరికా వాళ్లు నిజంగానే చేశారు, పళ్లెమంత రికార్డుకు ఒక్కో వైపు పదిహేను నిమిషాల చొప్పున. చూపులేనివారికి అందే రూపాల్లో పుస్తకాలు తయారుచేయాలన్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. అందులో బీరువా ప్రస్తావన లేదు కాబట్టి నేను కలగజేసుకోలేదు.

అసలు ప్రమాదం మా కొత్త టీచరమ్మ తెచ్చిపెట్టింది. అయిదు తరగతులకు మేమున్నది ముగ్గురం. ఒకటి, రెండు తరగతులకు ఆమె అక్షరాలు దిద్దిస్తూ, మూడో తరగతి పిల్లలకు వరండాలో కథ పెట్టేది. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, “సార్, ఉత్తినే వింటే కథ తెలుస్తోంది, మాటలు తెలుస్తున్నాయి, కానీ వత్తులు పట్టుబడటం లేదు. అచ్చు చూస్తూ వినాలి. ఈ నలభై కథల్లో పదకొండింటి పుస్తకాలు మన బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి ఇస్తారా?” అంది.

తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. అయినా రెండు రోజులు వెతికాను.

మూడో రోజు తీయక తప్పలేదు. కలరా ఉండల ఘాటుకు ముందు వరస పిల్లలు తుమ్మారు. ఒకడికి పుస్తకం ఇచ్చి పక్కనే నిలబడ్డాను, చింపుతాడేమోనని. మామూలుగా వాడు “వస్త్రం” అన్న మాట దగ్గర ఎడ్లబండిలా దిగబడిపోతాడు. వ... స... కింద త... ఆ పక్కన ర... ఇవన్నీ కూడదీసుకుని పైకి వచ్చేసరికి వాక్యం మొదట్లో ఉన్న నేతగాడు వాడి మనసులోంచి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. ఆ రోజు గొంతు ముందు నడుస్తోంది, వాడి వేలు గీత కింద వెనకే జరుగుతోంది. వేలు అక్కడికి చేరడం, స్పీకరు “వస్త్రం” అనడం ఒకేసారి జరిగాయి. వాడు వేలు ఆపేశాడు. సంతలో చుట్టం కనబడినట్టు ఆ మాటను చూశాడు. కథ ముందుకు పోతున్నా వాడు కదల్లేదు. మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. నాలుగుసార్లు పెట్టించాడు.

అప్పటినుంచి నష్టాలే నష్టాలు. 88వ నంబరు పుస్తకం ఏడో పేజీలో పప్పు మరక. 130కి అట్ట మూల వంగింది. ‘ఇచ్చిన తేదీ’ అని రిజిస్టరులో ఒక గడి ఉందని, అది పిల్లల ఇంటిపేర్లు పట్టనంత ఇరుకుదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

205వ నంబరు నాలుగో తరగతి పాప తీసుకెళ్లి పన్నెండు రోజులైంది. నిన్న నిలదీశాను.

“మా నాయనమ్మ ఇవ్వనివ్వడం లేదు సార్.”

“ఆమెకు చదువు వచ్చా?”

“రాదు సార్. రాత్రి నేను చదువుతుంటే వింటుంది. స్పీకరు ఆవిడ లాగా గొంతులు మార్చి చదవమంటుంది.”

ఈ పాపను పుస్తకాల రిజిస్టరులో ఎక్కించాలో, పరికరాల రిజిస్టరులో ఎక్కించాలో పై అధికారులు సెలవివ్వగలరు.