అర్థం కానిది ఆ పిల్లవాడికేనా?

మార్క్ హాడన్ నవల 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్' 2003లో వచ్చింది. కథ చెప్పేది 15 ఏళ్ల క్రిస్టఫర్. అధ్యాయాలకు ప్రధాన సంఖ్యలే వేసుకుంటాడు, అబద్ధం చెప్పలేడు, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోవడం అతనికి కష్టం. నవల లోపల ఎక్కడా ఆటిజం అన్న మాట రాదు, కానీ పాఠకులు అలాగే చదువుకున్నారు.

చదివేటప్పుడు మనం ఒక సుఖానికి అలవాటు పడతాం. క్రిస్టఫర్ తల్లి బతికే ఉందని అతని కంటే ముందే మనకు తట్టేస్తుంది. పాపం, పిల్లవాడికి తెలియడం లేదే అని జాలిపడతాం. ఈ జాలి మీదే నా అభ్యంతరం. తల్లి చనిపోయిందని చెప్పింది తండ్రి. ఆమె రాసిన ఉత్తరాలు దాచింది తండ్రి. కన్నతండ్రి మాట నమ్మడం ఏ పిల్లవాడైనా చేసే పనే. ఆ పొరపాటుకు మూలం అతని మెదడులో లేదు, ఇంట్లో పెద్దవాళ్లు ఆడిన అబద్ధంలో ఉంది.

ఆ తర్వాతది ఇంకా గట్టి ఘట్టం. పొరుగింటి కుక్కను చంపిందెవరా అని క్రిస్టఫర్ వెతుకుతుంటే, చంపింది తనేనని తండ్రి ఒప్పుకుంటాడు. కుక్కను చంపాడు, ఇంత పెద్ద అబద్ధం ఆడాడు, కాబట్టి నన్నూ చంపొచ్చు అనుకుని కుర్రాడు లండన్ రైలెక్కుతాడు. ఆ తండ్రికి కొడుకంటే ప్రాణమని మనకు తెలుసు కాబట్టి ఆ భయం అతిగా అనిపిస్తుంది. కానీ అతని చేతిలో ఉన్న ఆధారాలతో చూస్తే ఆ లెక్కలో తప్పేముంది? క్షమించేయాలన్న తొందర మనదే, అతనిది కాదు.

ఈ జాలికి వెనక పెద్ద చరిత్రే ఉంది. 1985లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ బొమ్మలతో ఒక పరీక్ష పెట్టారు. ఒక బొమ్మ లేనప్పుడు దాని గోళీని ఇంకో బొమ్మ వేరే చోట దాస్తుంది. మొదటిది తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? తను పెట్టిన పాత చోటే. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది కొత్త చోటు చూపించి తప్పు చెప్పారు. ఇతరుల మనసు వీళ్లకు అందదన్న అభిప్రాయం అప్పటినుంచి బలపడింది. స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దీన్ని తిరగేసి చూశాడు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది, మరి లోపం ఒక వైపే ఎందుకు రాస్తున్నారు?

ఎల్ మెక్‌నికోల్ పిల్లల నవల 'ఎ కైండ్ ఆఫ్ స్పార్క్' (2020) చదివితే ఈ మాట బాగా తెలుస్తుంది. రచయిత్రి కూడా న్యూరోడైవర్జెంటే, అంటే మెదడు పనితీరు ఎక్కువమందికి భిన్నంగా ఉన్న మనిషే. కథ చెప్పే 11 ఏళ్ల ఆడీకి ఆటిజం ఉంది, అక్క కీడీకీ ఉంది. వాళ్లిద్దరి మధ్య అపార్థాలకు పెద్దగా చోటు లేదు. టెన్షన్ అంతా క్లాసులో, ఆడీని నలిపేసే టీచర్ దగ్గర. ఒకప్పుడు మంత్రగత్తెలని ముద్రవేసి చంపేసిన ఆడవాళ్లకు తన ఊళ్లో స్మారకం కావాలని ఆడీ పట్టుబడుతుంది. పెద్దలు వదిలేసిన అన్యాయం ఆ పిల్లకు సూటిగా కనిపించింది. ఇక్కడ పాఠకుడికి పై మెట్టు దొరకదు, ఆడీ పక్కనే నడవాలి.

హాడన్ నవలను తీసిపారేయను. క్రిస్టఫర్ గొంతులోని స్పష్టత నాకు చాలా ఇష్టం. కాకపోతే ఆ విజయం తర్వాత, లెక్కల్లో మేధావి అయిన అబ్బాయే ఇలాంటి కథలకు నమూనా అయిపోయాడు. ఏ ప్రత్యేక ప్రతిభా లేని పిల్లలు, నోటితో మాట్లాడని పిల్లలు 'నేను' అంటూ చెప్పే నవలలు ఇంకా చాలా తక్కువ. నాకు చదవాలని ఉన్నవి అవే.