సవరణ: 8.5 పిస్టన్ల లెక్కలో నా తప్పు

టయోటా 2జేజెడ్ ఇంజిన్‌కి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పిస్టన్లు ఎంచుకోవడం గురించి పోయిన వారం రాసిన దాంట్లో ఒక లెక్క తప్పింది. చూడ్డానికి చిన్నదే, కానీ దాన్ని నమ్మి పిస్టన్లు తెప్పించుకుంటే ఇంజిన్‌కే ముప్పు.

బోరు (సిలిండర్ వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండూ 86 మిల్లీమీటర్లే కాబట్టి ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ. 8.5 కంప్రెషన్‌కి (పిస్టన్ కిందున్నప్పటి మొత్తం ఖాళీ, పైకొచ్చాక మిగిలే ఖాళీకి ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి), పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే ఖాళీ 58.8 సీసీ ఉండాలని రాశాను. 500ని నేరుగా 8.5తో భాగించేశాను మరి! ఆ నిష్పత్తిలో మిగిలిన ఖాళీ కూడా కలిసి ఉంటుంది. అందుకే 8.5లోంచి 1 తీసేసి 7.5తో భాగించాలి. వచ్చేది 66.7 సీసీ. నా అంకెతో కడితే కంప్రెషన్ 9.5 అవుతుంది. పిస్టన్ తలమీద గుంట దాదాపు 8 సీసీ తక్కువ పడ్డట్టు. 8.5 అనుకుని బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచి, టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) ముందుకు జరిపితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలవుతుంది. పిస్టన్ పగలడానికి ఎంతోసేపు పట్టదు.

పోయిన వారం రాసిన ‘కంప్రెషన్ ఎంత తగ్గిస్తే అంత మంచిది’ అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మరీ తగ్గిస్తే టర్బో అందుకునేదాకా బండి ఈడుస్తుంది. ఇథనాల్ ఎక్కువున్న ఇంధనం, మంచి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ఉంటే 9.5 కూడా పనికొస్తుంది, కాకపోతే ట్యూనింగ్ ఆ అంకెకే చేయించాలి.

మందపాటి గ్యాస్కెట్ (సిలిండర్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే పొర) గురించి రాసిన లెక్క సరైనదే: ఒక మిల్లీమీటర్ మందం పెరిగితే మిగిలే ఖాళీ 5.8 సీసీ పెరుగుతుంది.